ఇంటర్‌కూలర్

ఇంటర్‌కూలర్ అనగా గాలిని సంపీడనం చేసినప్పుడు పుట్టే వేడిని తొలగించే ఉపకరణం. సూపర్‌ఛార్జర్ గాని, టర్బోఛార్జర్ గాని అమర్చిన ఇంజన్లలో ఇది ఆ పరికరానికీ, ఇంజన్ సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కూ మధ్య ఉంటుంది. కొన్ని ఇంజన్లలో మానిఫోల్డ్ లోపలనే ఇమిడి ఉంటుంది. లారీలు, రైలు ఇంజన్లు, బోరుబావుల యంత్రాలు, ఓడలు, కొన్ని కార్లు దీనిని వాడుతున్నాయి. మొదట ఇంటర్‌కూలర్ లేకుండా తయారైన సూపర్‌ఛార్జర్ ఇంజన్‌కు తరువాత దీనిని చేర్చవలసి వస్తే మానిఫోల్డ్‌ను మార్చక తప్పదు. ఆ పనిలోని సూత్రాలూ, చిక్కులూ ఈ వ్యాసంలో ఉన్నాయి. ఉదాహరణలు వీలైనంతవరకు పూర్వపు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుండి తీసుకోబడ్డాయి. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలను విభజించి పలు కొత్త జిల్లాలను ఏర్పరచారు. ఇక్కడ పాత పేర్లు ఆ ప్రాంతం మొత్తానికి వర్తిస్తాయి.

పేరు

పేరులోనే ఒక చిన్న గందరగోళం ఉంది. రెండు దశలలో గాలిని నొక్కే కంప్రెసర్‌లో మొదటి దశకూ రెండవ దశకూ నడుమ ఉండే చల్లార్చు గొట్టానికే ఇంటర్‌కూలర్ అనే పేరు న్యాయంగా చెల్లుతుంది. చివరి దశ దాటిన తరువాత ఉండేది ఆఫ్టర్‌కూలర్. ఈ లెక్కన కార్లలో, లారీలలో ఉన్నది నిజానికి ఆఫ్టర్‌కూలరే. భారతీయ రైల్వేలు తమ డీజిల్ ఇంజన్ల విషయంలో ఆఫ్టర్‌కూలర్ అనే సరైన మాటనే వాడతాయి. మోటారు వాహనాల వారు మాత్రం ఇంటర్‌కూలర్ అనే పేరును స్థిరపరచారు. వాడుకే ప్రమాణం కనుక ఇక్కడా అదే పేరు గ్రహించబడింది.

అసలైన ఇంటర్‌కూలర్‌ను చూడదలచిన విద్యార్థి దూరం వెళ్ళనక్కరలేదు. రహదారి ప్రక్కన పంక్చర్ దుకాణంలోని గాలి కంప్రెసర్‌ను గమనిస్తే, రెండు దశల రకమైతే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది రెండు సిలిండర్లు కనిపిస్తాయి. ఆ రెంటినీ కలుపుతూ రెక్కలు తొడిగిన ఒక గొట్టం ఉంటుంది. చక్రం ఆకులు విసిరే గాలి దానికి తగులుతూ ఉంటుంది. అదే ఇంటర్‌కూలర్. పెద్ద సిలిండర్ నొక్కిన గాలి ఆ గొట్టంలో చల్లబడి చిన్న సిలిండర్‌లోకి చేరుతుంది. 42 డిగ్రీల గాలిని ఒకే దశలో తొమ్మిది రెట్లు నొక్కితే, నష్టాలేవీ లేవనుకున్నా, దాని వేడి సుమారు 317 డిగ్రీలకు చేరుతుంది. మూడేసి రెట్ల చొప్పున రెండు దశలలో నొక్కి, నడుమ పూర్తిగా చల్లబరిస్తే 158 డిగ్రీలు దాటదు. ఖర్చయ్యే శక్తి కూడా సుమారు 15 శాతం తగ్గుతుంది.

గాలి ఎందుకు వేడెక్కుతుంది

సైకిలు పంపుతో ట్యూబులోకి గాలి కొట్టిన ప్రతి పిల్లవానికీ పంపు అడుగుభాగం కాలుతుందని తెలుసు. చాలామంది దానిని రాపిడి వల్ల పుట్టిన వేడి అనుకుంటారు. రాపిడి వాటా కొద్దిగా ఉన్నా, అసలు కారణం గాలిపై మనం చేసిన పని దాని అంతర్గత శక్తిగా మారడం. వేడి బయటకు పోయే వ్యవధి లేకుండా త్వరగా జరిగే ఇటువంటి సంపీడనాన్ని స్థిరోష్ణక ప్రక్రియ అంటారు. ఇందులో పీడనం పెరిగినకొద్దీ పరమ ఉష్ణోగ్రత కూడా నిర్ణీతమైన సూత్రం ప్రకారం పెరుగుతుంది.

ఇంజన్‌కు కావలసింది గాలి ఒత్తిడి కాదు, గాలి ద్రవ్యరాశి. ఎన్ని గ్రాముల ప్రాణవాయువు సిలిండర్‌లోకి చేరితే అంత ఇంధనాన్ని మండించవచ్చు. ఒత్తిడి పెంచితే సాంద్రత పెరుగుతుంది, వేడి పెరిగితే సాంద్రత తగ్గుతుంది. సూపర్‌ఛార్జర్ ఈ రెండు పనులూ ఒకేసారి చేస్తుంది. అంటే కుడిచేత్తో ఇచ్చినదానిలో కొంత ఎడమచేత్తో తీసుకుంటుంది.

మహబూబ్‌నగర్ ఎండలో ఒక లెక్క

మహబూబ్‌నగర్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ వాతావరణ పీడనం దాదాపు 95.5 కిలోపాస్కల్‌లు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల సెల్సియస్, అంటే 315 కెల్విన్ అనుకుందాం. అప్పుడు ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.06 కిలోగ్రాములు. ప్రమాణ వాతావరణంలో, అనగా సముద్రమట్టాన 15 డిగ్రీల వద్ద, అది 1.225 కిలోగ్రాములు. కనుక ఏ యంత్రమూ తగిలించకముందే ఈ ఎండలో ఇంజన్ సుమారు 14 శాతం గాలిని కోల్పోయి ఉంటుంది.

ఇప్పుడు ఆ ఇంజన్‌కు గాలి ఒత్తిడిని 1.6 రెట్లు చేసే రూట్స్ రకపు సూపర్‌ఛార్జర్ తగిలించామనుకుందాం. నష్టాలే లేకపోతే వేడి 45 డిగ్రీలు పెరగాలి. రూట్స్ బ్లోయర్ సామర్థ్యం 60 శాతం అనుకుంటే పెరుగుదల 75 డిగ్రీలకు చేరుతుంది. కనుక బ్లోయర్ నుండి బయటపడే గాలి వేడి 117 డిగ్రీలు, నీరు మరిగే వేడి కంటే ఎక్కువ. ఒత్తిడి 60 శాతం పెరిగినా, సాంద్రతను లెక్కిస్తే ఇంజన్‌కు దక్కిన అదనపు గాలి 29 శాతమే.

దీనికి ఇంటర్‌కూలర్ చేర్చి, పెరిగిన వేడిలో 70 శాతాన్ని తీసివేస్తే గాలి 65 డిగ్రీలకు దిగుతుంది. కూలర్ గుండా ప్రవహించడంలో 5 కిలోపాస్కల్‌ల ఒత్తిడి పోయిందని మినహాయించినా అదనపు గాలి 44 శాతం అవుతుంది. అంటే బ్లోయర్‌ను ఏమాత్రం వేగంగా తిప్పకుండానే లాభం ఒకటిన్నర రెట్లయింది.

సెకనుకు 100 గ్రాముల గాలి పీల్చే ఇంజన్‌లో ఇందుకు తీసివేయవలసిన వేడి సుమారు 5.3 కిలోవాట్లు. అయిదు ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి పనిచేస్తే వెలువడేంత వేడి అది. ఆ వేడిని ఎక్కడ పారబోయాలన్నదే ఇంటర్‌కూలర్ నిర్మాణంలోని అసలు ప్రశ్న.

పెట్రోలు ఇంజన్లలో దీనికి మరొక ముఖ్య ప్రయోజనం ఉంది. వేడిగాలితో కలిసిన పెట్రోలు, ప్లగ్గు అంటించిన మంట తనను చేరకముందే తనంతట తాను పేలవచ్చు. మెకానిక్కులు దీనిని నాకింగ్ అంటారు. కొద్దిసేపు టకటకమనే శబ్దంగా వినిపించి, అశ్రద్ధ చేస్తే పిస్టన్ పైభాగాన్ని కరిగిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో ఈ భయం లేదు. అయితే లోపలికి వచ్చే గాలి చల్లగా ఉంటే పొగగొట్టపు వేడి, నైట్రోజన్ ఆక్సైడ్లు రెండూ తగ్గుతాయి.

రకాలు

గాలితో గాలిని చల్లార్చేది మొదటి రకం. రేడియేటర్‌కు ముందు అల్యూమినియం పలకగా అమర్చుతారు. నిరాడంబరమైనది, చెడిపోయేది తక్కువ. లారీలన్నిటిలో సాధారణంగా ఇదే. నీటితో గాలిని చల్లార్చేది రెండవ రకం. ఇందులో చిన్న కూలర్ ఇంజన్ మీదనే ఉంటుంది, నీటిని మరొకచోట ఉన్న వేరే రేడియేటర్‌కు పంపు ద్వారా తిప్పుతారు. స్థలం చాలని చోట, గాలి గొట్టాలు పొడవు కాకూడదన్న చోట ఇది మేలు. రెండు రకాలకూ ఒకటే పరిమితి. చల్లార్చే గాలి లేదా నీటి వేడి కంటే తక్కువకు ఇంజన్ గాలి ఎన్నటికీ దిగదు. కుండలో నీరు బయటి గాలి కంటే చల్లబడేది ఆవిరి కావడం వల్ల. ఇక్కడ ఆవిరి కావడం లేదు.

చరిత్ర

అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన ఫిలాండర్ రూట్స్, ఫ్రాన్సిస్ రూట్స్ సోదరులు 1860లో పేటెంట్ పొందిన బ్లోయర్ మొదట కార్లకు ఉద్దేశించినది కాదు. దానిని కొలిమి పనులకు, గనులకు గాలి కొట్టడానికి వాడేవారు. ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా నింపే ఆలోచనకు గాట్లీబ్ డైమ్లర్ 1885లో పేటెంట్ తీసుకున్నాడు. పొగగొట్టం నుండి పోయే వాయువులతో తిరిగే టర్బోకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంట్ పొందాడు.

ఉన్న ఇంజన్‌కు ఇంటర్‌కూలర్ చేర్చిన ఉదాహరణలలో ప్రసిద్ధమైనది రోల్స్‌రాయిస్ మెర్లిన్ విమాన ఇంజన్. దీనితో మన ప్రాంతానికి ఒక సంబంధం కూడా ఉంది. బ్రిటన్ వైమానిక దళంలోని 152వ స్క్వాడ్రన్‌కు, నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా, హైదరాబాదు పేరు పెట్టారు. దాని చిహ్నంపై నిజాం తలపాగా ఉంటుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ ఆనాడు నిజాం రాజ్యంలోని జిల్లాలు; ఆ విరాళం వెనుక ఈ మెట్టభూముల రైతులు కట్టిన శిస్తు కూడా ఉన్నదని మరువరాదు. 1940లో ఈ స్క్వాడ్రన్ నడిపిన స్పిట్‌ఫైర్ విమానాల మెర్లిన్‌లో ఒకే దశ సూపర్‌ఛార్జర్ ఉండేది, ఇంటర్‌కూలర్ లేదు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలుచబడి శక్తి తగ్గేది. దానికి విరుగుడుగా రోల్స్‌రాయిస్ రెండు దశల సూపర్‌ఛార్జర్‌ను రూపొందించింది. రెండు సార్లు నొక్కిన గాలి విపరీతంగా వేడెక్కడంతో, సూపర్‌ఛార్జర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య నీరు, గ్లైకాల్ ప్రవహించే పెట్టెలాంటి కూలర్‌ను నిలబెట్టవలసి వచ్చింది. ఈ 60 శ్రేణి మెర్లిన్ 1942లో స్పిట్‌ఫైర్ 9 రకంతో యుద్ధంలోకి వచ్చింది. 152వ స్క్వాడ్రన్ తరువాత బర్మా రంగంలో నడిపిన స్పిట్‌ఫైర్ 8 రకంలో ఉన్నవి ఇటువంటి ఇంజన్లే.

మానిఫోల్డ్‌ను మార్చి ఇంటర్‌కూలర్ చేర్చడం

సూపర్‌ఛార్జర్ ఇంజన్ ప్రక్కన ఉండి, గాలి గొట్టం ద్వారా మానిఫోల్డ్‌కు వెళ్ళే అమరిక అయితే పని సులువు. ఆ గొట్టాన్ని కోసి నడుమ కూలర్ పెట్టవచ్చు. టయోటా కంపెనీ 1980లలో తన 4ఏ-జీజెడ్ఈ ఇంజన్‌లో చేసినది ఈ పద్ధతే. వీ ఆకారపు ఇంజన్‌లో సూపర్‌ఛార్జర్ మానిఫోల్డ్ నెత్తిమీదనే కూర్చుని ఉంటే చిక్కు వస్తుంది. గాలి నేరుగా క్రిందికి దిగి సిలిండర్లలోకి పోతుంది. కోయడానికి గొట్టమే లేదు. కనుక మానిఫోల్డ్‌నే తెరిచి, దాని పొట్టలో నీటి కూలర్‌ను ఇమడ్చాలి. 2009 నమూనా కార్వెట్ జెడ్ఆర్1 కారు ఎల్ఎస్9 ఇంజన్‌లో తయారీదారులే బ్లోయర్‌ను, నీటి కూలర్లను ఒకే పెట్టెగా చేశారు.

అన్నిటికంటే ముందు చూడవలసినది ఇంధనం ఎక్కడ కలుస్తుందన్న సంగతి. పాత అమరికలలో కార్బురేటర్ సూపర్‌ఛార్జర్‌కు ముందు ఉంటుంది. గాలితో పాటు పెట్రోలు కూడా బ్లోయర్ గుండా పోతుంది. అటువంటి ఇంజన్‌కు ఇంటర్‌కూలర్ చేర్చరాదు. చల్లని రెక్కల మీద పెట్రోలు తిరిగి ద్రవంగా మారి, కొన్ని సిలిండర్లకు ఎక్కువగా, కొన్నిటికి తక్కువగా చేరుతుంది. పైగా ఇంజన్ వెనక్కు పేలితే కూలర్ నిండా ఉన్న మిశ్రమం ఒక్కసారిగా అంటుకుంటుంది. కనుక ముందు ఇంధనాన్ని కూలర్ దాటిన తరువాత, వీలైతే ప్రతి సిలిండర్ ద్వారం వద్ద విడివిడిగా, ఇంజెక్టర్ల ద్వారా చల్లే ఏర్పాటు చేయాలి. ఇది చేయకుండా కూలర్ గురించి ఆలోచించడం పునాది లేకుండా పైకప్పు వేయడమే.

తరువాతది ఎత్తు. కూలర్ పట్టడానికి మానిఫోల్డ్‌కు, బ్లోయర్‌కు మధ్య మందపాటి అల్యూమినియం చట్రం పెడితే బ్లోయర్ అంతమేరకు పైకి లేస్తుంది. బానెట్ మూతపడకపోవచ్చు. బెల్టు వరుస తప్పి అంచులు తినివేయవచ్చు. ఎత్తు పెంచకుండా మానిఫోల్డ్ నేలభాగాన్ని కోసి లోతు చేస్తే స్థలం దొరుకుతుంది, గాని సిలిండర్లకు పోయే దారులు కురచవుతాయి. ఏది వదులుకోవాలో ఇంజన్‌ను బట్టి నిర్ణయించుకోవాలి.

అల్యూమినియంను అతికించేటప్పుడు లోహం వంకర పోతుంది. అందువల్ల అతుకులన్నీ పూర్తయిన తరువాతనే, సిలిండర్ హెడ్లకు ఆనే ముఖాలను మిల్లింగ్ యంత్రం మీద చదును చేయించాలి. ముందే చదును చేసి తరువాత అతికించిన మానిఫోల్డ్ ఎంత గట్టిగా బిగించినా గాస్కెట్ వద్ద గాలి వదులుతుంది. లోపల గాలి దారి కూడా ముఖ్యమే. కూలర్‌కు, సిలిండర్ దారులకు మధ్య గాలి సర్దుకోవడానికి కొంత ఖాళీ గది ఉండాలి. లేకపోతే నడిమి సిలిండర్లకు సమృద్ధిగా, చివరి వాటికి కొరతగా గాలి అందుతుంది.

నీటి కూలర్ మానిఫోల్డ్ లోపల ఉన్నందున అది కారితే నీరు నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. నీరు నొక్కుకుపోదు, పిస్టన్ పైకి వచ్చేసరికి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒక చెంచాడు కారినా ప్రమాదమే. కనుక కూలర్‌ను బిగించకముందే దాని ద్వారాలు మూసి, గాలి ఎక్కించి, నీటి తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. పంక్చర్ వేసేవారు ట్యూబును పరీక్షించే పద్ధతే ఇది. నీటి గొట్టాల అతుకులు మానిఫోల్డ్ లోపల ఉండకుండా వెలుపలనే ఉండేటట్లు చూడటం మరొక జాగ్రత్త. ఈ నీటిని ఇంజన్ రేడియేటర్ నీటితో కలపరాదు. ఇంజన్ నీరు 90 డిగ్రీల వద్ద ఉంటుంది. అది గాలిని 65 డిగ్రీలకు ఎలా దించగలదు? వేరే పంపు, వేరే చిన్న రేడియేటర్ తప్పనిసరి. ఆ గొట్టాలలో చిక్కుకున్న గాలి బయటపడే మార్గం అన్నిటికంటే ఎత్తయిన చోట ఉండాలి.

కూలర్ చేర్చిన తరువాత మానిఫోల్డ్‌లోని పీడనమాపకం మునుపటి కంటే కొద్దిగా తక్కువ చూపుతుంది. కొత్తవారు దీనిని చూసి కష్టమంతా వృథా అయిందని భయపడి బ్లోయర్‌కు చిన్న పుల్లీ వేస్తారు. ఇది పెద్ద పొరపాటు. ఒత్తిడి తగ్గడానికి కూలర్‌లోని నిరోధం కొంత కారణమైతే, చల్లబడిన గాలిని ఇంజన్ సులువుగా మింగడం మరికొంత కారణం. చూడవలసినది మానిఫోల్డ్‌లోని ఉష్ణోగ్రతను. గాలి పెరిగినందున ఇంధనాన్ని కూడా అదే నిష్పత్తిలో పెంచాలి. పెంచకపోతే మిశ్రమం పలుచనై, ఏ నాకింగ్‌ను నివారించడానికి కూలర్ పెట్టారో అదే మళ్ళీ వస్తుంది.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేటట్లు వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. కనుక పైన చెప్పిన మార్పులు రోడ్డుపై తిరిగే కారుకు కాక, పోటీ మైదానాల వాహనాలకూ, ప్రయోగశాల ఇంజన్లకూ తగినవి.

రైలు ఇంజన్లు

దక్షిణ తెలంగాణ ప్రజలు అత్యధికంగా చూసిన ఆఫ్టర్‌కూలర్ ఇంజన్ బహుశా డబ్ల్యూడీఎం-2 రైలు ఇంజన్. అమెరికాలోని ఆల్కో కంపెనీ రూపొందించిన ఈ ఇంజన్ 1962లో దిగుమతి అయింది. 1964 నుండి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో తయారైంది. 16 సిలిండర్లు, 2,600 అశ్వశక్తి. టర్బో నొక్కిన గాలిని నీటి ఆఫ్టర్‌కూలర్ చల్లబరిచేది. రైల్వే ఉద్యోగులు ఆ టర్బోను నేటికీ టర్బో సూపర్‌ఛార్జర్ అనే నిండు పేరుతోనే పిలుస్తారు. 1990లలో అదే ఇంజన్‌ను మెరుగుపరచి 3,100 అశ్వశక్తి గల డబ్ల్యూడీఎం-3ఏగా మార్చారు. సిలిండర్ల సంఖ్య గాని, పరిమాణం గాని పెరగలేదు. మెరుగైన టర్బో, పెద్ద ఆఫ్టర్‌కూలర్, ఎక్కువ ఇంధనం పంపే పంపులు, వాటికి తగిన పిస్టన్లు కలిసి అదనంగా 500 అశ్వశక్తిని రాబట్టాయి. సికింద్రాబాదు-మహబూబ్‌నగర్ మార్గపు విద్యుదీకరణ, రెండవ లైను 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితం కావడంతో ఆ దారిలో డీజిల్ ఇంజన్ల అవసరం బాగా తగ్గింది.

లారీలు

భారత్ స్టేజ్ ఉద్గార ప్రమాణాలు కఠినమైనకొద్దీ లారీలలో టర్బోతో పాటు ఇంటర్‌కూలర్ కూడా తప్పనిసరి వంటిదైంది. టాటా లారీలలోని 697 టీసీఐసీ ఇంజన్ పేరులో చివరి రెండు అక్షరాలు ఇంటర్‌కూలర్‌ను సూచించేవే. బీఎస్-4 ప్రమాణాలు 2017 ఏప్రిల్ నుండి, బీఎస్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ నుండి దేశమంతటా అమలయ్యాయి.

బోరుబావుల యంత్రాలు

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఇంటర్‌కూలర్ ప్రశ్న రైతు జీవితాన్ని తాకేది బోరు బండి వద్ద. ఈ ప్రాంతపు నేల క్రింద చాలాచోట్ల ఉన్నది గ్రానైటు, నైస్ వంటి గట్టి రాయి. దానిని తొలిచే సుత్తి రంధ్రం అడుగున ఉంటుంది. పైనుండి గొట్టాల ద్వారా వచ్చే సంపీడిత గాలి ఆ సుత్తిని ఆడించి, రాతిపొడిని పైకి ఎగదోస్తుంది. తమిళనాడులోని తిరుచెంగోడు నుండి వచ్చే బోరు బండ్లు ఇక్కడి పల్లెలకు సుపరిచితం.

నీరు తగిలిన తరువాత ఇంకా లోతుకు పోవాలంటే గాలి ఆ నీటి స్తంభాన్ని కూడా ఎత్తాలి. ప్రతి పది మీటర్ల నీటికి దాదాపు ఒక వాతావరణ పీడనం కావాలి. 200 మీటర్ల రంధ్రంలో 40 మీటర్ల వద్ద నీటిమట్టం ఉంటే, 160 మీటర్ల నీటిని కదల్చడానికే 16 వాతావరణాల ఒత్తిడి అవసరం. భూగర్భజలం దిగిపోయి బోర్లు లోతైనకొద్దీ కంప్రెసర్ల ఒత్తిడి, వాటిని తిప్పే డీజిల్ ఇంజన్ల శక్తి పెరుగుతూ వచ్చాయి. అవి టర్బో, ఆఫ్టర్‌కూలర్ గల పెద్ద ఇంజన్లు. నల్గొండ ప్రాంతంలో నీటి కొరతకు ఫ్లోరైడ్ సమస్య తోడైన సంగతి తెలిసినదే.

ఇక్కడ ఒక విచిత్రమైన ఇరకాటం ఉంది. బోర్లు ఎక్కువగా వేయించేది ఎండాకాలంలో, పాత బోరు ఎండిపోయినప్పుడు. అంటే గాలి అత్యంత పలుచగా, వేడిగా ఉన్న రోజులలోనే ఇంజన్ నిండు బరువుతో పనిచేయాలి. బండి కదలకుండా ఒకేచోట నిలిచి ఉంటుంది కనుక లారీకి వలె ఎదురుగాలి ఉండదు. ఫ్యాను విసిరినదే గాలి. దానికి తోడు సుత్తి ఎగదోసిన తెల్లని రాతిపొడి గాలిలో తేలి, కూలర్ రెక్కల నడుమ, రేడియేటర్ రెక్కల నడుమ పేరుకుంటుంది. నూనె చెమ్మ కలిస్తే గారలా అంటుకుంటుంది. అప్పుడు ఆఫ్టర్‌కూలర్ ఉన్నా లేనట్లే. ఇంజన్ నల్లపొగ వదులుతుంది, కంప్రెసర్ వేగం తగ్గుతుంది, ఒత్తిడి చాలక సుత్తి నెమ్మదిస్తుంది. రాతిపొడి పూర్తిగా పైకి రాక, గొట్టాలు లోపల ఇరుక్కుపోయే ప్రమాదం కూడా ఉంది. కూలి అడుగుల లెక్కన గనుక వృథా అయిన డీజిల్ భారం మొదట బండి యజమానిది. చివరకు అది అడుగు ధరలో చేరి, నీరు పడుతుందో లేదో తెలియని బోరుకు అప్పు తెచ్చిన రైతు మీద పడుతుంది.

నిర్వహణ కష్టమైనది కాదు. ప్రతిదినం పని ముగిసిన తరువాత రెక్కలను, ధూళి చేరిన దిక్కుకు వ్యతిరేక దిశ నుండి, తక్కువ ఒత్తిడి గాలితో ఊదాలి. కంప్రెసర్ చేతిలోనే ఉంది కదా అని పూర్తి ఒత్తిడితో ఊదితే పలుచని రెక్కలు మడతపడి దారులు శాశ్వతంగా మూసుకుపోతాయి. నూనె అంటినప్పుడు సబ్బునీటితో కడగాలి. టర్బో నుండి కూలర్‌కు, కూలర్ నుండి మానిఫోల్డ్‌కు పోయే రబ్బరు గొట్టాలను క్లిప్పుల వద్ద పరీక్షించాలి. అక్కడ సన్నని చీలిక ఏర్పడితే, నొక్కిన గాలి ఇంజన్‌కు చేరకుండా బయటకు పోతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆ అతుకుల మీద సబ్బునురుగు పూస్తే బుడగలు చీలికను చూపిస్తాయి. ఫ్యానులో, బెల్టులలో చెయ్యి చిక్కే ప్రమాదం ఉన్నందున ఈ పరీక్షను అనుభవజ్ఞుడైన మెకానిక్కే చేయాలి.